రామేశ్వరం ప్రయాణం: మొదటి రోజు ఎక్కడ ఆగాలి?

ఒంగోలు వాసి: వచ్చే నెల అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను కారులో రామేశ్వరం తీసుకువెళ్తున్నాను. మొదటి రోజే చెన్నై దాటేయాలని మా తమ్ముడి పట్టు. నాన్నగారి మోకాళ్ల నొప్పులు, కారెక్కిన గంటకే వాంతి చేసుకునే చిన్నదాని అవస్థ తలచుకుంటే నాకు ధైర్యం చాలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నెల్లూరు వాసి: తమ్ముడి మాట వినకండి. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరితే ఎండ ముదరకముందే పెన్నా వంతెన దాటుతారు. నాయుడుపేట వద్ద 16వ నంబరు జాతీయ రహదారిని వదిలి శ్రీకాళహస్తి వైపు తిరిగితే, మధ్యాహ్నానికి బసకు చేరి, పెద్దవారు కాసేపు నడుం వాల్చాక, సాయంత్రం వాయులింగాన్ని దర్శించుకోవచ్చు. మరునాడు కాంచీపురం మీదుగా వెళ్తే చెన్నై రద్దీ కూడా తప్పుతుంది.

కావలి వాసి: దారి సంగతి సరే, పాపను ఖాళీ కడుపుతోనూ, నూనె దోసెలు తినిపించీ కారెక్కించవద్దు, రెండు ఇడ్లీలు చాలు. మా ఇంట్లో గోటితో గిచ్చిన నిమ్మకాయను వాసన చూడమని పిల్లవాడి చేతికిస్తాం. కిందటిసారి అదీ పనిచేయక, నిమ్మకాయలకు పేరుపొందిన గూడూరులోనే నేను చొక్కా మార్చుకోవలసి వచ్చింది.

ఒంగోలు వాసి: ధన్యవాదాలండీ. శ్రీకాళహస్తిలోనే ఆగుతాం. పాప పక్కన కూర్చునేది తమ్ముడే కనుక, రెండు చొక్కాలు అదనంగా సర్దుకోమన్నాను.