అభ్యర్థిని సభలో వేసిన ఓట్లతో తూచాలా, మనకు చేసిన పనులతో తూచాలా?

అలిపిరి మాస్టారు:
మొన్న మా వీధికి ఒక అభ్యర్థి కరపత్రం వచ్చింది. సిమెంటు రోడ్లు, గుడికి విరాళం, పేదింటి పెళ్లికి తాళిబొట్టు, అన్నీ ఉన్నాయి. ఐదేళ్లు సభలో కూర్చున్న మనిషి ఏ బిల్లుకు అవునన్నాడో, దేన్ని కాదన్నాడో ఒక్క ముక్క లేదు. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు రాస్తారు. అవైనా సుప్రీంకోర్టు 2002, 2003లో గట్టిగా చెప్పాకే వచ్చాయి. మళ్లీ పోటీ చేసే సభ్యుడు సభలో ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో ఆ పట్టిక కూడా జతచేయాలని నేనంటాను. దాన్ని పోలింగ్ బూత్ గోడకు అతికించాలి. నేను పోలింగ్ డ్యూటీకి పోయిన ప్రతిసారీ ఆ గోడ చూస్తే నాకు ఇదే అనిపిస్తుంది.

తోతాపురి రైతు:
మాస్టారూ, వినడానికి బాగుంది. 2025లో మా తోతాపురి మామిడికాయ ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టరు కింద రెండు రాత్రులు పడుకున్నాను. చివరికి కిలోకు 12 రూపాయలన్నారు. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. అది సభలో ఎవరు ఓటేస్తే వచ్చింది? రైతులు రోడ్డెక్కితే వచ్చింది. మా బతుకులు నడిచేది జీవోలతో. ఇంగ సభలో వేసేది పార్టీ ఓటు. విప్ అని, ఇట్టనే ఓటేయమని పార్టీ హుకుం ఇచ్చినాక ఆ మనిషికి సొంత ఓటు యాడుంది?

చిత్తూరు వకీలు:
విప్ సంగతి రైతన్న చెప్పింది నిజం. 1985లో రాజ్యాంగానికి 52వ సవరణతో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టం, వచ్చింది. విప్‌కు ఎదురు ఓటేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే పదవి పోవచ్చు. 1992లో కిహోటో హొలోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందంటూనే, విప్‌ను విశ్వాస తీర్మానాలకు, పార్టీ జనానికి చెప్పుకున్న ముఖ్య విధానాలకు పరిమితం చేస్తే మంచిదంది. పార్టీలు ఆ సలహాను పక్కన పెట్టేశాయి.

లీలామహల్ సెంటర్:
2014 ఫిబ్రవరి 18. లోక్‌సభలో మన రాష్ట్ర విభజన బిల్లు. టీవీ ప్రసారం ఆగిపోయింది, మూజువాణి ఓటుతో, అంటే నోటితో అవును, కాదు అనిపించి, అయిపోయిందన్నారు. ఆ రోజు ఎవరు అవునన్నారో పేరుపేరునా లెక్క ఉందా? అది చూపించి తర్వాత పట్టికల గురించి మాట్లాడండి.

అలిపిరి మాస్టారు:
లేదండీ. లేకపోవడమే నా బాధ. డివిజన్, అంటే ఒక్కో సభ్యుడి ఓటు లెక్కపెట్టే పద్ధతి, జరిగితేనే ఎవరు ఎటు నొక్కారో పేర్లతో సభ రికార్డుల్లోకి ఎక్కుతుంది. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లులకు ప్రతిపక్షం డివిజన్ అడిగినా మూజువాణితోనే ముగించారు. 2021 నవంబరు 29న వాటిని రద్దు చేసినప్పుడు చర్చ కూడా లేదు. రైతన్నా, అవి మీ మేలు కోసమని చెప్పిన చట్టాలు.

కొంగారెడ్డిపల్లె సునీత:
నేనైతే హాజరు చూస్తాను. సభకే రానివాడికి ఓటు దండగ.

చిత్తూరు వకీలు:
అమ్మా, మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు. అది చూసి లెక్క కడితే తప్పుతుంది.

కొంగారెడ్డిపల్లె సునీత:
మంత్రులు ఎంతమంది ఉంటారు సార్? నేను మిగతావాళ్ల సంగతి చెప్తున్నాను.

తోతాపురి రైతు:
2021 మే నెలలో మా ఇంటామెకు ఊపిరాడలేదు. తిరుపతిలో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పినారు. రాత్రి రెండింటికి ఒక నాయకుడికి ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తినాడు. నాలుగింటికి బెడ్ దొరికింది. ఆమె ఈరోజు తోటలో నీళ్లు కడుతోంది. ఆయన ఏ బిల్లుకు ఏం చేశాడని నేను అడగను. నా ఓటు ఆయనకే.

అలిపిరి మాస్టారు:
అంటే అప్పు తీరుస్తున్నారు. ఒక బెడ్డుకు ఓటు అమ్ముకున్నట్టే కదా అది.

తోతాపురి రైతు:
మా ఆడమనిషి ప్రాణాన్ని లంచం అంటారా? ఒకటో తారీఖు జీతం పడే మీరు ఎన్నైనా చెప్తారు. మీకు హెల్త్ కార్డు ఉంది. నేను పాసుపుస్తకంలో ఒక తప్పు దిద్దించుకోవడానికి పదకొండు సార్లు ఆఫీసు మెట్లెక్కినాను. పన్నెండోసారి ఆ నాయకుడు మాట చెప్తే అరగంటలో అయింది. మీరు చెప్పే చట్టం ఆ పదకొండు సార్లూ యాడ పోయింది?

దామలచెరువు మండీ:
మాస్టారూ, ఆ అమ్ముకున్నారన్న మాట వెనక్కి తీసుకోండి. తప్పు అది.

అలిపిరి మాస్టారు:
తప్పే. వెనక్కి తీసుకుంటున్నాను, అన్నా. కోపంలో అన్నాను, ఆ కోపం మీ మీద కాదు. నేను డీఎస్సీ-2003 టీచర్ల నియామకాల్లో ఎంపికైన వాణ్ని. పోస్టులు ప్రకటించినప్పుడు పాత పెన్షన్ ఉంది. ఆర్డరు చేతికొచ్చేసరికి 2004 సెప్టెంబరు 1 దాటిపోయింది, సీపీఎస్‌లో, అంటే జీతంలో కొంత కోసి నిధిలో వేసే కొత్త పెన్షన్‌లో, పడ్డాను. 2013 సెప్టెంబరు 4న అలాంటి నిధులను చూసే పెన్షన్ నిధి నియంత్రణ సంస్థ బిల్లు లోక్‌సభలో డివిజన్‌కు వచ్చింది. అనుకూలం 174, వ్యతిరేకం 33. కలిపితే 207. సభలో సీట్లు 543. మా ముసలితనం ఎలా గడవాలో తేల్చిన రోజు సగానికి పైగా ఆ రెండు లెక్కల్లోనూ లేరు. తర్వాత ప్రతి ఎన్నికకూ మా సంఘం మీటింగుకు వచ్చి మీ బాధ మాకు తెలుసన్నవాళ్లే. ఆ రోజు మీరెక్కడున్నారని నేనూ అడగలేదు, నా పక్కవాడూ అడగలేదు. విప్ వల్ల వేశామంటే ఆ మాటే జనం ముందు చెప్పనీ. రానివాడు ఎందుకు రాలేదో చెప్పనీ. సొంత ఓటు కాకపోయినా జవాబు సొంతదే కదా.

ఇంకొకటి. ఆ రాత్రి ఏ నాయకుడి నంబరూ లేనివాళ్ల ఇంటామె సంగతేమిటి?

తోతాపురి రైతు:
మా వీధిలోనే ఇద్దరు పోయినారు మాస్టారూ. వాళ్ల దగ్గర నంబరు లేదు. అది మీరు నాకు గుర్తుచేయాల్సిన పని లేదు, నాకు నిద్ర పట్టని సంగతే అది. కానీ ఆసుపత్రులు బాగుపడేదాకా నేను ఎవరి నంబరు పెట్టుకోవాలి? మీ పట్టికలో ఆ గడి లేదు. మీకు కావలసింది సభలో నిలబడే మనిషి. నాకు కావలసింది ఆఫీసు తలుపు తెరిపించే మనిషి. ఉన్నది ఒక ఓటు.

కొంగారెడ్డిపల్లె సునీత:
తలుపు దానంతటదే తెరుచుకునేలా చేయమని ఆ మనిషినే సభకు పంపేది అన్నా. మీరు ఇద్దరు మనుషులంటున్నారు, జీతం తీసుకునేది ఒక్కడే.

తోతాపురి రైతు:
అమ్మా, ఆ మాట నేను ఆయన్ని అడుగుతా. ఈసారి తోటకు వచ్చినప్పుడు, ఆసుపత్రుల పద్దు సభకు వచ్చిన రోజు నువ్వు యాడున్నావని అడుగుతా. ఓటు మార్చుకుంటానని మాత్రం ఇప్పుడు చెప్పలేను.

లీలామహల్ సెంటర్:
నా ప్రశ్న అలాగే ఉంది. రాష్ట్రాన్ని విడగొట్టొద్దని 2013లో వారాల తరబడి దుకాణం మూసుకుని రోడ్డు మీద కూర్చున్నాం. ఆ అప్పులు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. ఫిబ్రవరి 18న ఎవరు అవునన్నారో పేర్లు లేవంటే, నేను ఎవరిని అడగాలి?