ఇంట్లో కాఫీ గింజలు వేయించి అమ్మేవారికి అనుమతులు అవసరమా?

వేపుడుపిచ్చి:
ఇంట్లో కిలో డ్రమ్ము రోస్టర్ (విడతకు కిలో కాఫీ గింజలు వేయించే యంత్రం) పెట్టుకున్నాను. మొదట నా కోసమే వేయించుకునేవాడిని. తాగినవారు తమకూ కావాలని అడగడం, ఊరికే తీసుకోవడానికి మొహమాటపడడం, చివరికి ధర కట్టి వారం వారం కొన్ని పొట్లాలు అమ్మడం. ఇక్కడ చాలామంది ఇలాగే మొదలుపెట్టి ఉంటారు. మొన్న వేరే చర్చలో ఒకరు "కాగితం లేకుండా ఒక్క పొట్లం అమ్మినా నేరమే" అని తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

పచ్చి గింజలో తేమ 10–12 శాతం ఉంటుంది. 200 డిగ్రీల దరిదాపుల్లో వేగి బయటికి వచ్చేసరికి మిగిలేది రెండు మూడు శాతం. అంత పొడి సరుకులో సూక్ష్మజీవులు పెరగవు. పైగా కొన్నవారు దాని మీద మళ్లీ వేడినీళ్లు పోసుకునే తాగుతారు. పాలు, మాంసం అమ్మేవారికి పెట్టినట్టు నాకూ నిబంధనలు పెడితే అందులో భద్రత ఏమీ లేదు, కాగితాల మోజు తప్ప. తెలిసినవారికి అమ్మే చిన్న మొత్తాలకు ఏ అనుమతీ ఉండకూడదంటాను. కాదనేవారు కారణం చెప్పండి.

చట్టంచుట్టం:
పాలకూ మాంసానికీ పెట్టిన నిబంధనలు మీకు ఎవరు పెట్టారు? ఆ తేమ లెక్క చట్టం రాసినవారికీ తెలుసు. ఇంటి వంటగదిలో చేసి అమ్ముకునే ఆహారాలపై కాలిఫోర్నియా చట్టం 2013లో అమలులోకి వచ్చింది. వేయించిన కాఫీ దాని మొదటి జాబితాలోనే ఉంది. కొనేవారి చేతికి నేరుగా ఇస్తే నమోదు, స్వీయ ధ్రువీకరణ చాలు. దుకాణాల ద్వారా అమ్మితేనే అనుమతిపత్రం, తనిఖీ. బ్రిటన్‌లో వ్యాపారం మొదలుపెట్టడానికి 28 రోజుల ముందు స్థానిక సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. రుసుము లేదు, కాదనే అధికారం వారికీ లేదు. భారత్‌లోనూ చిన్న తయారీదారును లైసెన్సు అడగరు, నమోదు అడుగుతారు. 14 అంకెల సంఖ్య ఇస్తారు, దాన్ని పొట్లం మీద వేయాలి. మోజు ఇందులో ఎక్కడుంది?

"తెలిసినవారికి" అన్న దగ్గరే మీ వాదన జారుతోంది. ఐరోపా సమాఖ్య 2004లో తెచ్చిన ఆహార పరిశుభ్రత నిబంధన (దాని సంఖ్య 852) పీఠికలో దీనికి ఒక గీత గీశారు: కొంత కొనసాగింపు, కొంత వ్యవస్థ ఉన్న పనులకే ఈ నియమాలు వర్తించాలని. ఎప్పుడో ఒకసారి ఎవరికో ఒక పొట్లం ఇస్తే అది గీతకు ఇవతల. వారం వారం ధర కట్టి అమ్మితే, కొనేది మీ బావమరిదే అయినా, అవతల. అదే నిబంధనలో నివాస గృహాల్లో తయారుచేసేవారికి విడిగా ఒక అధ్యాయం ఉంది. చేతులు కడుక్కునే వసతి, సులువుగా తుడవగలిగే బల్లలు, సరుకు కలుషితం కాకుండా ఉంచే చోటు వంటివే అందులో అడిగారు.

పక్కింటివాడు:
మీరిద్దరూ కడుపు గురించే వాదించుకుంటున్నారు. ముక్కు సంగతి ఎవరు మాట్లాడతారు?

నేను రోస్టర్ ఉన్న ఇంటికి పై అంతస్తులో ఉంటాను. పొట్లం విప్పితే వచ్చే వాసన వేరు, వేయించేటప్పుడు వచ్చే పొగ వేరు. మొదట తడిసిన గడ్డి కాలిన వాసన. గింజ చిట్లడం మొదలయ్యాక కళ్లు మండే పుల్లటి పొగ. ముదురు రంగు దాకా వేయించే రోజున అది నీలంగా కనిపిస్తుంది కూడా. గింజ నుంచి ఊడే పల్చటి పొట్టు గాలికి లేచి మా దోమతెరకు అంటుకుంటుంది. తెర దులిపితే గోధుమరంగు రేకులు చేటలోకి రాలతాయి. ఆ రోస్టర్ ఆయన దగ్గరికి వెళితే ఆహార శాఖ నమోదు పత్రం చూపించి "నాకు అన్నీ ఉన్నాయి" అన్నారు. ఆ పత్రానికీ పొగగొట్టానికీ సంబంధం ఏమిటి?

నివాస ప్రాంతంలో ఏ పని చేసుకోవచ్చో చెప్పే నియమాలు వేరే ఉంటాయి. వాటిని చూసేది స్థానిక సంస్థ, కొన్నిచోట్ల అగ్నిమాపక శాఖ. పొగ, వాసన, చప్పుడు, సరుకు బళ్ల రాకపోకలు, బయటివారిని పనిలో పెట్టుకోవడం, ఇవన్నీ అక్కడ తేలాలి. పొట్టు పోగయ్యే డబ్బాను, గొట్టాన్ని ప్రతి విడతకూ శుభ్రం చేయకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. రోస్టరీల్లో మంటలు లేచేది ఎక్కువగా అక్కడే.

వేపుడుపిచ్చి:
పక్కింటివాడు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ బస్తాలకు బస్తాలు వేయించే రోస్టరీని, నా కిలో డ్రమ్మును ఒకే గాటన కట్టకండి. పెద్ద యంత్రాలకు ఆఫ్టర్‌బర్నర్ పెడతారు. అది 650 డిగ్రీలు దాటిన వేడిలో పొగను మళ్లీ కాల్చేస్తుంది. అదొక్కటే రోస్టర్ కంటే ఎక్కువ గ్యాస్ తాగగలదు. నా స్థాయిలో అది పెట్టమంటే దుకాణం మూసుకోమన్నట్టే. మూడు వాయిలు వేసి ఆపేసే నాకూ, రోజంతా తిప్పేవారికీ తేడా ఉండాలా వద్దా?

తూకంరాళ్లు:
తేడా ఉండాలి. అయితే ఏ విషయంలో? తూకంలో మాత్రం పెద్దా చిన్నా లేదు.

వేగేటప్పుడు గింజ 12 నుంచి 20 శాతం దాకా బరువు కోల్పోతుంది. కిలో పచ్చి గింజలు పోస్తే చేతికొచ్చేది 800–880 గ్రాములు. ఈ లెక్క చూసుకోకుండా ధర కట్టి, నాలుగు పావుకిలో పొట్లాలు వస్తాయనుకుని, మూడున్నర దగ్గర ఆగిపోయే కొత్తవారిని చాలామందిని చూశాను. వారిలో కొందరు పొట్లానికి పది గ్రాములు తగ్గించి సర్దేస్తారు. అదీ నేరమే, మీరు తేలిగ్గా తీసిపారేసిన ఆహార నమోదు కంటే దీని మీదే ఫిర్యాదు త్వరగా వస్తుంది. కొన్నవారి ఇంట్లో తక్కెడ ఉంటుంది కదా. అమ్మకానికి వాడే తూకపు యంత్రం ధ్రువీకరించి ముద్ర వేసినదై ఉండాలని చాలా దేశాల చట్టం. భారత్‌లో తూనికలు కొలతల చట్టం 2009 చెప్పేదీ అదే. వంటింట్లో పిండి తూచుకునే పరికరం దీనికి పనికిరాదు.

పన్ను సంగతి మరీ విచిత్రం. జర్మనీలో వేయించిన కాఫీ మీద కిలోకు 2.19 యూరోల ప్రత్యేక పన్ను ఉంది. వేయించి అమ్మాలంటే ముందుగా కస్టమ్స్ శాఖ నుంచి అనుమతి తెచ్చుకోవాలి. అక్కడ మీ డ్రమ్మును మొదట పట్టించుకునేది ఆహార శాఖ కాదు.

మరొకటి: "సేంద్రియ" అని పొట్లం మీద రాయడం. అమెరికాలో ఏడాదికి 5,000 డాలర్ల లోపు సేంద్రియ సరుకు అమ్మేవారికి ధ్రువపత్రం నుంచి మినహాయింపు ఉంది. ఉన్నా నియమాలన్నీ పాటించాల్సిందే, ముద్ర మాత్రం వేసుకోకూడదు. సంచి మీద రాసి ఉంది కదా అని పొట్లం మీద ఎక్కించేయకండి.

నాలుగోకప్పు:
ఆహార పరిశోధనశాలలో పనిచేస్తాను. "సూక్ష్మజీవి పెరగదు కాబట్టి ప్రమాదం లేదు" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. బూజు చచ్చినా అది వదిలిన విషం ఉండిపోతుంది. సరిగా ఆరబెట్టని పచ్చి గింజలో ఆక్రాటాక్సిన్ చేరితే వేయించడం వల్ల తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. వేయించిన కాఫీలో దీని పరిమితిని ఐరోపా సమాఖ్య 2023 నుంచి కిలోకు 5 మైక్రోగ్రాముల నుంచి 3కు దించింది. ఇంట్లో వేయించే మనిషి దీన్ని పరీక్షించలేరు. చేయగలిగింది ఒక్కటే: ఏ సంచి ఎవరి దగ్గర కొన్నారు, ఆ సంచి గింజ ఏ రోజు వాయిలో పడింది, ఏ పొట్లాల్లోకి వెళ్లింది అన్నది పుస్తకంలో రాసుకోవడం. సంచిలో లోపం బయటపడితే వెనక్కి పిలవాల్సింది ఏ పొట్లాలనో అప్పుడు తెలుస్తుంది. నమోదు వల్ల ఉపయోగం ఏమిటంటే, ఆ పిలుపు మీ దాకా చేరడానికి మీ చిరునామా ఒకచోట ఉండడం.

అక్రిలమైడ్ గురించి కూడా అడుగుతారు, అంటే వేయించేటప్పుడు గింజలో పుట్టే, క్యాన్సర్ అనుమానం ఉన్న పదార్థం. వేయించడం మొదలైన కొద్దిసేపటికి అది పెరిగి, రంగు ముదిరే కొద్దీ తగ్గుతుంది. ఐరోపాలో 2018 నుంచి వేయించిన కాఫీకి కిలోకు 400 మైక్రోగ్రాములు ప్రామాణిక స్థాయి. కాలిఫోర్నియాలో కాఫీకి క్యాన్సర్ హెచ్చరిక పెట్టాలని 2010లో మొదలైన దావా 2018లో కాఫీ కంపెనీలకు ఎదురుతిరిగింది. మరుసటి ఏడాది ప్రభుత్వమే నిబంధన మార్చి, ఆ హెచ్చరిక అక్కర్లేదని తేల్చింది. ఈ ఒక్క విషయానికి నిద్ర పాడుచేసుకోకండి.

నన్ను భయపెట్టేది వేరు. టెక్సాస్‌లో ఒక కాఫీ కర్మాగారంలో పనిచేసిన ఇద్దరికి ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా మచ్చలు కట్టే అరుదైన జబ్బు వచ్చిందని 2013లో అమెరికా ఆరోగ్య శాఖ ప్రకటించింది. అక్కడ సువాసనలు కలిపిన కాఫీ తయారయ్యేది. ఆ సువాసనల్లోని డయాసిటైల్ అనే పదార్థాన్ని అనుమానించారు. ఏ సువాసనా కలపకపోయినా, వేయించిన గింజ పొడి చేసేటప్పుడు అది కొంత సహజంగానే వెలువడుతుంది. తాజా గింజ రోజుల తరబడి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. కర్మాగారంలో అయితే కార్మికుల గాలిని కొలవమని ఒత్తిడి చేసేవారు ఉంటారు. ఇంట్లో పొడి పట్టేది ఆయన, పొట్లాలు అతికించేది ఆవిడ, బస్తాల పక్కన పడుకునేది పిల్లలు. వీరెవరూ ఉద్యోగులు కారు కాబట్టి కార్మిక చట్టం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అనుమతి ఉండాలా వద్దా అని వాదించేవారు ఈ గది గురించి ఎందుకు మాట్లాడరు?

చట్టంచుట్టం:
నాలుగోకప్పు గారి చివరి మాటకు నా దగ్గర సమాధానం లేదు. నిజంగానే అక్కడ ఏ శాఖా లేదు.

ఒక్క మాట కలుపుతాను. ఇంటి బీమా పత్రం తీసి చదవండి. ఇంట్లో వ్యాపారం నడిపితే ప్రమాదానికి పరిహారం వర్తించదని చాలా పత్రాల్లో ఉంటుంది. అద్దె ఒప్పందంలోనూ, అపార్ట్‌మెంట్ సంఘం నియమావళిలోనూ అలాంటి వాక్యమే ఉండవచ్చు. అందుకే ముందు ఇంటి స్థలం సంగతి, తర్వాత పొగ, ఆ తర్వాతే ఆహార నమోదు. యంత్రం కొనడం అన్నిటికంటే చివర. జనం దీన్ని సరిగ్గా తలకిందులుగా చేసి, యంత్రం బిగించాక ఇక్కడికి వచ్చి అడుగుతారు.

వేపుడుపిచ్చి:
యంత్రం బిగించాకే వచ్చానులెండి. అయినా నా మాట మీదే ఉన్నాను, కాస్త సవరించి. నమోదు సరే, పుస్తకం రాయడం సరే. కానీ అమెరికా రాష్ట్రాల ఇంటి ఆహార చట్టాల్లో ఎక్కువ భాగం ఆ రాష్ట్రం లోపలే అమ్ముకోమంటాయి. ఏడాది అమ్మకాలకు గరిష్ఠ పరిమితి పెట్టినవీ ఉన్నాయి. అంటే చిన్నగా ఉన్నంతకాలం భరిస్తారు, కాస్త ఎదిగితే ఒక్కసారిగా కర్మాగారం నియమాలు మీద పడతాయి. మధ్యలో మెట్టు ఏది? కిలో డ్రమ్ము నుంచి ఐదు కిలోల డ్రమ్ముకు వెళ్లేవాడు వాణిజ్య స్థలం అద్దె ఎక్కడి నుంచి తేవాలి?

తూకంరాళ్లు:
మెట్టు ఉంది. అనుమతులున్న వేరొకరి రోస్టరీలో గంటల లెక్కన యంత్రం అద్దెకు తీసుకుని వేయించుకోవచ్చు. పొగ వారి గొట్టంలోంచి పోతుంది, స్థలం అనుమతి వారిది. పొట్లం, తూకం, పన్ను, మీ వ్యాపారానికి కావలసిన నమోదు మాత్రం మీ నెత్తినే.

పక్కింటివాడు:
ఆ రోస్టరీ మా కింద అంతస్తులో కాకపోతే నాకు అభ్యంతరం లేదు.

కొత్తగాచేరాను:
ఆలస్యంగా వచ్చాను. గింజలతో పాటు చల్లటి నీళ్లలో నానబెట్టిన కాఫీ డికాషన్ సీసాల్లో పెట్టి అమ్మితే, అదే నమోదు సరిపోతుందా?

నాలుగోకప్పు:
సరిపోతుందని అనుకోకండి. పొడి గింజకు ఇచ్చిన వెసులుబాటంతా అందులో నీరు లేకపోవడం వల్లే. సీసాలోని కాఫీలో నీరుంది, ఆమ్లం తక్కువ, మూత బిగించాక గాలి ఉండదు. బొటులిజం కలిగించే బాక్టీరియాకు కావలసినవి అవే. చల్లగా ఉంచడం, ఎన్ని రోజులు నిల్వ ఉంటుందో పరీక్షించి నిరూపించడం ఉంటాయి. విడిగా అడిగి, వచ్చిన జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.