ఫ్రిజ్‌కు మూడుసార్లు మరమ్మతు చేసినా చల్లబడడం లేదు: డీలరుకూ కంపెనీకీ ఫిర్యాదు ఎలా రాయాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కిందటేడు సెలవుకు వచ్చినప్పుడు, 2025 ఏప్రిల్ 12న, మా ఇంటికి దగ్గరలోని ఒక షోరూములో 34,500 రూపాయలకు రెండు తలుపుల ఫ్రిజ్ కొని పెట్టి వెళ్ళాడు. బిల్లు వాడి పేరుతోనే ఉంది. కార్తీక మాసం నుంచి కింది అర చల్లబడడం మానేసింది. ఉదయం కాచి పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి, రుబ్బిన పిండి మర్నాటికే పులిసిపోతోంది, మావారి ఇన్సులిన్‌ను పక్కింటివారి ఫ్రిజ్‌లో దాచుకోవలసి వస్తోంది.

టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి వోల్టేజీ సరిగా లేదన్నాడు, రెండోసారి ఏదో సెన్సారు మార్చాడు, మూడోసారి గ్యాస్ పోయిందనీ, నింపడానికి 2,800 రూపాయలు అవుతుందనీ చెప్పి వెళ్ళిపోయాడు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త ఫిర్యాదు సంఖ్య ఇస్తున్నారు, పాతది పరిష్కారమైనట్టు వాళ్ళ దగ్గర నమోదై ఉంటోంది. షోరూమువారేమో అమ్మడం వరకే మా బాధ్యత అంటున్నారు, బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చువేసి ఉందని చూపిస్తున్నారు. ఫిర్యాదు ఎవరికి రాయాలి, ఎలా రాయాలి, బిల్లు నా పేరున లేదు కనుక నేను రాస్తే చెల్లుతుందా, దయచేసి తెలియజేయండి.

జవాబు (పద్మారావునగర్ నుంచి)

అమ్మా, నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత మా కాలనీవారికి ఇటువంటి ఉత్తరాలు రాసిపెడుతూ వస్తున్నాను కాబట్టి తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందుగా మీ చివరి సందేహం. మీరు రాస్తే తప్పకుండా చెల్లుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు చెల్లించి కొన్నవారే కాక, వారి అనుమతితో ఆ వస్తువును వాడుకుంటున్నవారు కూడా వినియోగదారులే. మీ అబ్బాయి మీ కోసమే కొని మీ ఇంట్లో పెట్టించాడు కనుక ఆ అనుమతి గురించి వివాదం రాదు. అయినా అతని చేత రెండు వాక్యాల ఈ-మెయిల్ ఒకటి రాయించుకుని దగ్గర ఉంచుకోండి. పిల్లలు విదేశాల్లో ఉండి తల్లిదండ్రులకు వస్తువులు కొని పంపే ఇళ్ళు మన ఊళ్ళో ఎన్నో ఉన్నాయి, వారిలో చాలామంది బిల్లు తమ పేరున లేదనే సంకోచంతోనే ఊరుకుంటున్నారు.

బిల్లు కింద అచ్చు వేసిన వాక్యానికి భయపడవద్దు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా పేర్కొంది. రంగు నచ్చలేదని తిరిగి ఇవ్వడం వేరు, పనిచేయని వస్తువును తిరిగి ఇవ్వడం వేరు. అమ్మడం వరకే తమ పని అని డీలరు అన్నప్పటికీ ఉత్తరాన్ని డీలరుకూ కంపెనీకీ కలిపే రాయండి. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ కాలం గడిపే అవకాశం అప్పుడు ఇద్దరికీ తగ్గుతుంది.

ఇక గ్యాస్ ఖర్చు సంగతి. మీ వారంటీ కార్డు తీసి నిదానంగా చదవండి. సాధారణంగా ఫ్రిజ్ మొత్తానికి ఏడాది వారంటీ, కంప్రెసరుకు మాత్రం మరికొన్నేళ్ళ వారంటీ ఉంటాయి. ఏడాది దాటిన తరువాత కంప్రెసరు భాగం ఉచితంగా ఇచ్చినా గ్యాస్‌కూ కూలీకీ డబ్బు తీసుకోవడం కద్దు. మీకు మాత్రం ఇంకా ఏడాది నిండలేదు. మీ కార్డులో గ్యాస్‌కు ప్రత్యేకంగా మినహాయింపు రాసి లేకపోతే ఆ 2,800 రూపాయలు అడగడం సరికాదు. 2026 ఏప్రిల్ 11తో ఈ ఏడాది ముగుస్తుంది కాబట్టి, ఉత్తరం ఆ తేదీకి ఎంత ముందు వారికి చేరితే అంత మంచిది.

నేను అన్నిటికంటె గట్టిగా చెప్పదలచుకున్నది ఆధారాల గురించి. ఫోన్‌లో మనం ఎంత ఆవేదనతో చెప్పినా దాని ఆనవాలు మన చేతిలో మిగలదు, మిగిలేది వారి దగ్గర ‘పరిష్కరించబడింది’ అన్న మాట ఒక్కటే. అందుకని టెక్నీషియన్ వచ్చిన ప్రతిసారీ జాబ్ షీటు అడిగి తీసుకోవాలి, అందులో ఏ లోపం కనిపించిందో, ఏ భాగం మార్చారో అతని చేతే రాయించాలి, ఖాళీ షీటు మీద ఎన్నడూ సంతకం పెట్టకూడదు. పని అయిపోయినట్టు చూపడానికి మీ ఫోన్‌కు వచ్చే కోడ్‌ను, కొందరు దానిని హ్యాపీ కోడ్ అంటారు, వస్తువు నిజంగా బాగయ్యేవరకు చెప్పవద్దు. ఆ అబ్బాయి తన రోజు లెక్క కోసం బతిమాలవచ్చు, అతని కష్టమూ నిజమే, కాని మీరు కోడ్ చెప్పిన క్షణాన మీ ఫిర్యాదు ముగిసినట్టే నమోదవుతుంది. మీ పాత ఫిర్యాదులు అలాగే మూతపడ్డాయని నా అనుమానం.

మరొక చిన్న పని చేయండి. ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు ఒకటి తెప్పించి కింది అరలో ఉంచి, నాలుగైదు రోజులపాటు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోటో తీయండి. ‘చల్లబడడం లేదు’ అన్నది మన మాట, ‘14 డిగ్రీలు’ అన్నది కొలత. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కనుక మీ ఇంట్లో ఈ కొలతకు మరింత విలువ ఉంది.

ఉత్తరం నమూనా కింద ఇస్తున్నాను. తేదీలు, సంఖ్యలు మీ కాగితాలను చూసి సరిచేసుకోండి.

“తేదీ: 2026 జనవరి 19.
షోరూము మేనేజరు గారికి. కంపెనీ ఫిర్యాదుల విభాగం అధికారి గారికి.
విషయం: 2025 ఏప్రిల్ 12న కొన్న ఫ్రిజ్‌లోని లోపం, వస్తువు మార్పిడి లేదా ధర వాపసు గురించి.

అయ్యా, పై తేదీన మీ షోరూములో మా కుమారుడు మా ఇంటి వాడకం కోసం 34,500 రూపాయలు చెల్లించి ఫ్రిజ్ కొన్నారు. బిల్లు సంఖ్య, మోడల్ సంఖ్య, సీరియల్ సంఖ్య ఈ ఉత్తరం చివర ఇచ్చాను. 2025 నవంబరు రెండో వారం నుంచి కింది భాగం చల్లబడడం లేదు. నవంబరు 18న, డిసెంబరు 2న, డిసెంబరు 27న మీ టెక్నీషియన్ వచ్చి మూడు వేర్వేరు కారణాలు చెప్పారు. రెండోసారి సెన్సారు మార్చినా లోపం తొలగలేదు. మూడోసారి, వారంటీ అమలులో ఉండగానే, గ్యాస్ నింపడానికి 2,800 రూపాయలు అడిగారు. జనవరి 12 నుంచి 17 వరకు తీసిన కొలతల ఫోటోలు జతచేశాను.

మూడు మరమ్మతు ప్రయత్నాల తరువాత కూడా పనిచేయని ఈ ఫ్రిజ్‌ను మార్చి అదే మోడల్ కొత్తది ఇవ్వాలని, అది వీలుకాకపోతే 34,500 రూపాయలు తిరిగి చెల్లించాలని కోరుతున్నాను. ఈ ఉత్తరం అందిన 15 రోజులలోగా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించి, వస్తువు ధరతో పాటు నష్టపరిహారం, ఖర్చులు కూడా కోరవలసి వస్తుంది.”

ఇందులో కోపం ఎక్కడా లేదని గమనించండి. మోసగాళ్ళు, దొంగలు వంటి మాటలు రాస్తే చదివేవారి దృష్టి లోపం మీదినుంచి ఆ మాటల మీదికి పోతుంది. కోరిక కూడా స్పష్టంగా ఉండాలి. ‘తగు చర్య తీసుకోగలరు’ అని ముగిస్తే నాలుగోసారి టెక్నీషియన్‌ను పంపి అదే తగు చర్య అనవచ్చు.

డీలరుకు మీరు తెలుగులో రాయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం వేరే రాష్ట్రంలో ఉంటే ఇంగ్లీషు ప్రతి కూడా పంపండి. షోరూముకు స్వయంగా వెళ్ళి ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. వేయకపోతే వాదించకుండా తిరిగివచ్చి స్పీడ్ పోస్టు చేయండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, చేరినట్టు రుజువు కావాలని కౌంటరులో అడగాలి. అసలు బిల్లు, అసలు వారంటీ కార్డు ఎవరికీ ఇవ్వవద్దు, నకళ్ళు మాత్రమే జతచేయండి.

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

నేనూ మా ఆవిడా కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాము. మా డీప్ ఫ్రీజర్ కొన్న నాలుగు నెలలకే పాడైంది. వ్యాపారం కోసం కొన్నది కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదని డీలరు అంటున్నాడు. నిజమేనా?

జవాబు (పద్మారావునగర్ నుంచి)

సగమే నిజం. వ్యాపార ప్రయోజనం కోసం కొన్న వస్తువుకు ఆ చట్టం వర్తించదు. అయితే స్వయం ఉపాధితో, కేవలం జీవనోపాధి కోసం కొని తామే వాడుకునేవారిని ఆ మినహాయింపు నుంచి చట్టమే తప్పించింది. మీరిద్దరూ స్వయంగా వండి, అమ్మి, ఆ ఆదాయంతోనే ఇల్లు గడుపుకుంటున్నట్టయితే ఆ సంగతిని ఉత్తరం మొదటి పేరాలోనే రాయండి. తరువాత కమిషన్‌కు వెళ్ళవలసి వచ్చినా అదే మాట మొదట ఉండాలి, ఎందుకంటే అవతలివారు ఎత్తే మొదటి అభ్యంతరం ఇదే అవుతుంది.

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

వస్తువు కాకుండా సేవ సరిగా లేకపోతే కూడా ఇలాగే రాయవచ్చా? నీటి శుద్ధి యంత్రానికి ఏడాది నిర్వహణ ఒప్పందం కింద డబ్బు కట్టాను. నాలుగుసార్లు రావలసినవారు ఒక్కసారే వచ్చారు.

జవాబు (పద్మారావునగర్ నుంచి)

రాయవచ్చు, దానిని సేవాలోపం అంటారు. ఒప్పందంలో ఎన్నిసార్లు వస్తామన్నారో, ఎన్నిసార్లు వచ్చారో తేదీలతో రాసి, మిగిలిన సర్వీసులు ఫలానా తేదీలోగా చేయాలని లేదా ఆ మేరకు డబ్బు తిరిగి ఇవ్వాలని అడగండి. ఒప్పందం కాగితం లేకపోతే డబ్బు చెల్లించిన రసీదు, వారు పంపిన సందేశాలు పనికివస్తాయి. వాట్సాప్ సంభాషణను తుడిచేయకండి.

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

మీ మేలు మరువలేను. ఉత్తరం రెండు చోట్లకూ పంపిస్తాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే వెంటనే వకీలును పెట్టుకోవాలా? ఖర్చు తలచుకుంటే భయంగా ఉంది.

జవాబు (పద్మారావునగర్ నుంచి)

వకీలు తప్పనిసరి కాదమ్మా, మీ వాదన మీరే చెప్పుకోవచ్చు. దానికంటె ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వారు కంపెనీని ఆదేశించలేరు కాని ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. వారిచ్చే సంఖ్యను రాసిపెట్టుకోండి.

అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉన్న ఫిర్యాదులను జిల్లా కమిషనే విచారిస్తుంది, 5 లక్షల వరకు రుసుము ఏమీ లేదు. కొత్త చట్టంలో మనకు కలిగిన గొప్ప మేలు ఏమిటంటే, కంపెనీ ఎక్కడ ఉన్నా మనం నివసించే చోటే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చిరునామాలో హైదరాబాద్ అని రాసుకుంటున్నా కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనిది కాబట్టి, ఏ కమిషన్ పరిధిలోకి వస్తారో ముందుగా కనుక్కోండి. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. తగాదాకు కారణం ఏర్పడిన నాటినుంచి రెండేళ్ళలోగా దాఖలు చేయాలి, మీకు ఆ గడువు చాలా ఉంది.

కాలం విషయంలో మాత్రం ఆశ పెట్టుకోమని చెప్పలేను. అవతలివారికి నోటీసు అందిన నాటినుంచి మూడు నెలల్లో, వస్తువును ప్రయోగశాలలో పరీక్షించవలసి వస్తే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది, వాయిదాల వల్ల ఆచరణలో అంతకంటె ఎక్కువే పట్టవచ్చు. అందుకే ఉత్తరం దశలోనే పని జరిగేటట్టు చూడమంటున్నాను.

కూకట్‌పల్లి నుంచి, పన్నెండు రోజుల తరువాత

కంపెనీనుంచి ఒక అధికారి ఫోన్ చేసి, ఫ్రిజ్ మార్చి ఇస్తామని మర్యాదగా చెప్పారు. ఎల్లుండి మనుషులు వచ్చి పాతదాన్ని తీసుకుపోతారట, కొత్తది వారంలో వస్తుందట. మావారు ఎంతో సంతోషించారు. ఇంకేమైనా జాగ్రత్త పడాలా?

జవాబు (పద్మారావునగర్ నుంచి)

చాలా సంతోషం. పాతదాన్ని పంపేముందు ఆ ఫోన్‌లో చెప్పిన మాటను ఈ-మెయిల్‌లో రాసి పంపమని వారిని అడగండి. వారు ఆలస్యం చేస్తే మీరే ‘ఈ రోజు మీరు ఫోన్‌లో ఇలా చెప్పారు’ అని రాసి పంపండి. వీలైతే కొత్తది తెచ్చిన రోజునే పాతది తీసుకువెళ్ళమనండి. అలా కుదరక ముందే తీసుకువెళ్తే, సీరియల్ సంఖ్య, తేదీ, ‘మార్పిడి నిమిత్తం’ అన్న మాట ఉన్న రసీదు ఇచ్చిన తరువాతనే గడప దాటనివ్వండి. కొత్త ఫ్రిజ్‌కు వారంటీ ఏ తేదీనుంచి లెక్కిస్తారో కూడా ఆ ఈ-మెయిల్‌లోనే అడగండి, ఎందుకంటే కొన్ని కంపెనీలు పాత బిల్లు తేదీనుంచే లెక్కిస్తాయి. అది వచ్చిన తరువాత రెండు రోజులు థర్మామీటరు ఉంచి చూసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలకడగా ఉందని రూఢి అయ్యాకే ఇన్సులిన్‌ను పక్కింటినుంచి తెచ్చుకోండి.