కానుకల సొమ్ము గోడలకా, బీదలకా?

మెట్ల మీద మనిషి:
మా సంఘంలో ఇప్పుడున్న మందిరాన్ని పడగొట్టి, దానికి రెండింతలు పెద్దది కట్టాలని పెద్దలు తీర్మానించారు. పాతది కురవడం లేదు, బీటలు వారలేదు. పండుగ రోజు తప్ప నిండదు కూడా. విశ్వాసులు ఇచ్చిన కానుకలను పాలరాయికీ గోపురానికీ పోయడం న్యాయమా, లేక సంఘంలోనే ఉన్న బీదలకు వాడాలా? తిట్లు లేకుండా రాయండి.

వచనం చూపండి:
యోహాను 12వ అధ్యాయం చదవండి. మరియ విలువైన అత్తరు యేసు పాదాలకు పూసినప్పుడు, దాన్ని మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వవచ్చు కదా అన్నది ఎవరు? యూదా ఇస్కరియోతు. దేనారం అంటే కూలివాని ఒక రోజు కూలి. దాదాపు ఏడాది సంపాదనను ఆమె ఒక్క పూటలో పోసేసింది. ప్రభువు ఆమెను తప్పు పట్టలేదు. ఇక చర్చ దేనికి?

మూడో వరుస:
ఆ అత్తరు ఆమె సొంతం. మీ పెద్దలు పోస్తున్నది ఎదుటివాళ్ళ బుడ్డిలోది.

పాత కోశాధికారి:
పదహారేళ్ళు సంఘం లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

గోపురానికి ఇచ్చే డబ్బు బీదవాని కంచంలోంచి తీసినదని అందరూ అనుకుంటారు. లెక్కల పుస్తకం పట్టుకున్నవాడికి తెలుస్తుంది, అది అబద్ధమని. బీదల కోసం ప్రత్యేకంగా పెట్టె పెట్టాం. ఏడాదంతా చిల్లరే పడేది. మందిరం కడుతున్నామని ప్రకటించిన నెలలో, ఆ పెట్టె వైపు ఏనాడూ చూడని వాళ్ళు వచ్చి పెద్ద మొత్తాలు రాసి ఇచ్చారు. మనిషి తన కంటికి కనబడేదానికి ఇస్తాడు. మందిరం వద్దంటే ఆ డబ్బు బీదల దగ్గరికి పోదు, ఇచ్చినవాళ్ళ ఇంట్లోనే ఉంటుంది.

ఇంకో సంగతి. నిర్గమకాండము 36లో ప్రత్యక్ష గుడారం, అంటే ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం పనికి జనం తెచ్చిన కానుకలు ఎక్కువైపోయి, ఇక తేవద్దని మోషే చాటించాల్సి వచ్చింది. బంగారం, వెండి, ఊదా నూలు, అన్నీ దేవుడు చెప్పి చేయించినవే. అందం ఆయనకు గిట్టదని ఎక్కడా లేదు. కొలోన్‌లోని పెద్ద చర్చి పని 1248లో మొదలై 1880లో ముగిసింది. మధ్యలో కొన్ని వందల ఏళ్ళు పని ఆగిపోయింది కూడా. మొదలుపెట్టినవాళ్ళెవరూ అది పూర్తవడం చూడలేదు, అయినా ఇచ్చారు. దీన్ని దుబారా అనడానికి నాకు నోరు రాదు.

మూడో వరుస:
మోషే ఆపమన్నాడు అని మీరే రాశారు. ఇక చాలు అన్న పెద్దను ఈ రోజుల్లో ఒక్కణ్ణి చూపించండి.

మీరు పాత కట్టడాలు చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. రోములో సెయింట్ పీటర్స్‌కు 1506లో పునాది వేశారు. దాని ఖర్చు కోసం, కొంటే పాపాల శిక్ష తగ్గుతుందని చెప్పి పాపవిముక్తి పత్రాలు అమ్మారు. 1517లో జర్మనీ మతసంస్కర్త లూథరు రాసిన 95 వాదాల్లో 86వది చూడండి: అంత సంపన్నుడైన పోపు బీద విశ్వాసుల డబ్బుతో కాక తన సొమ్ముతో ఆ చర్చి ఎందుకు కట్టడని సూటిగా అడిగాడు. జర్మనీలో లింబర్గ్ బిషప్ తన నివాస భవనాలకు 3 కోట్ల యూరోలకు పైగా ఖర్చు చేయించి, 2014లో పదవి పోగొట్టుకున్నాడు. కాలిఫోర్నియాలో 1980లో పూర్తయిన క్రిస్టల్ కెథడ్రల్ మొత్తం గాజే. ఆ సంఘం 2010లో దివాలా తీసింది, భవనాన్ని అమ్ముకుంది. కంటికి కనబడేదానికి ఇచ్చినవాళ్ళ కానుక చివరికి అప్పులవాళ్ళకు పోయింది.

వచనం చూపండి:
లింబర్గ్ సంగతి మనకెందుకు? నా ప్రశ్నకు జవాబు రాలేదు. బీదల పేరు ఎత్తినవాడు యూదా. వాడు దొంగ అని వాక్యమే చెబుతోంది.

గోరంత దీపం:
సహోదరా, మత్తయి 26 కూడా తెరవండి. అక్కడ కోప్పడింది శిష్యులు, ఒక్క యూదా కాదు. బీదలు ఎప్పుడూ మీతో ఉంటారని అక్కడ యేసు అన్న మాట ద్వితీయోపదేశకాండము 15:11ను గుర్తు చేస్తుంది. ఆ వచనం అక్కడితో ఆగదు. బీదలు ఉండక మానరు కాబట్టి నీ చెయ్యి చాపు అని ఆజ్ఞాపిస్తుంది.

వచనం చూపండి:
శిష్యులు యూదా మాటకు వంత పాడారు, అంతే.

ఊరికే చదివేవాణ్ణి:
ఈ తగవు తేలేసరికి మందిరం కట్టడం అయిపోతుంది.

పాత కోశాధికారి:
మూడో వరుస గారూ, చరిత్ర బాగానే చెప్పారు. ఇలా మాట్లాడేవాళ్ళను చాలామందిని చూశాను. బీదల పెట్టెలో మీరు ఏనాడైనా ఎంత వేశారో అది చెప్పండి ముందు.

మూడో వరుస:
చెబుతాను. మా నాన్న మా సంఘం మందిరానికి కూలి తీసుకోకుండా ఇటుకలు మోశాడు. మేము వేసింది అది. తర్వాత అమ్మకు ఆపరేషన్ అవసరమైంది. సంఘం ఖాతాలో డబ్బుంది. అప్పుగా ఇవ్వండి, నెల నెలా తీరుస్తామని నేనే వెళ్ళి అడిగాను. "అది నిర్మాణ నిధి, ముట్టకూడదు" అన్నారు కోశాధికారి. మీలాగే మర్యాదగా, మీలాగే వివరంగా చెప్పారు. ఆ నెలలోనే మందిరానికి గాజు తలుపులు వచ్చాయి. వడ్డీకి తెచ్చి ఆపరేషన్ చేయించాం. అమ్మ బతికింది. ఇప్పటికీ ఆ తలుపులే తోసుకుని లోపలికి వెళుతుంది. నేనే వెళ్ళను.

పాత కోశాధికారి:
అమ్మగారు బతికినందుకు దేవునికి స్తోత్రం. అలా అడిగినందుకు క్షమించండి. కానీ ఆ కుర్చీలో నేనున్నా అదే జవాబు చెప్పేవాణ్ణి. ఒకరు ఫలానా పనికని చెప్పి ఇచ్చిన డబ్బు నాది కాదు, పాస్టరుదీ కాదు. 2019లో పారిస్‌లో నోత్ర్ దామ్ కాలినప్పుడు సుమారు 85 కోట్ల యూరోలు వచ్చాయి. బీదలకు ఇవ్వవచ్చు కదా అని అప్పుడూ ఎందరో అడిగారు. ఆ డబ్బును ఆ చర్చి పునరుద్ధరణకూ పరిరక్షణకే వాడాలని అక్కడ చట్టమే చేశారు. ఈ రోజు మీ అమ్మగారి కోసం నేను ఆ కట్టు తెంపితే, రేపు పాస్టరు కారు కోసం ఇంకొకరు తెంపుతారు. తెంపినవాళ్ళను చూశాను కూడా.

మూడో వరుస:
కారూ ఆపరేషనూ ఒకటేనా? ఆ తేడా తెలియకపోతే పెద్దలు ఎందుకు, లెక్కలు రాసే యంత్రం చాలు. 378లో రోమన్ సైన్యం ఓడిన హాడ్రియానోపుల్ యుద్ధం తర్వాత గోత్ తెగలవాళ్ళు జనాన్ని చెరపట్టుకుపోయారు. మిలాను బిషప్ ఆంబ్రోస్ ప్రభువు బల్ల మీది పవిత్ర పాత్రలను కరిగించి వాళ్ళను విడిపించాడు. ఆ పాత్రలూ ఫలానా పనికని ఎవరో ఇచ్చినవే. ప్రత్యర్థులు నిందించారు కూడా. సంఘానికి బంగారం ఉన్నది దాచుకోవడానికి కాదు, అవసరంలో ఖర్చు పెట్టడానికి అని బదులు చెప్పాడు. మీరైతే రసీదు పుస్తకం చూపించేవారు.

మెట్ల మీద మనిషి:
అయితే మీ ఇద్దరి తగవు గోపురం గురించి కానే కాదు. ఇచ్చేసిన డబ్బు మీద ఇచ్చినవాడి మాట ఎంతకాలం చెల్లుతుందన్నది కదా? నేను అడగాల్సిన ప్రశ్న ఇదేనేమో.

గోరంత దీపం:
మా సంఘంలో దీనికి ఒక దారి వెతికారు. నిర్మాణానికి ఏ కానుక వచ్చినా పదో వంతు సహాయ నిధికి పోతుందని రసీదు మీదే అచ్చు వేయించారు. ఇద్దరు పెద్ద దాతలు ఇస్తామన్నది వెనక్కి తీసుకున్నారు. గ్యాలరీ కట్టలేదు. ఎవరికీ లోటు కనిపించలేదు, ఆ ఇద్దరికి తప్ప.

పాత కోశాధికారి:
ముందే రాసి ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఆ ఇద్దరు వెనక్కి తగ్గడం చూసి ఆశ్చర్యం కూడా లేదు.

రాత్రంతా మూడో వరుస గారు రాసిందే తలలో తిరిగింది. నిధి ముట్టకూడదన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. కానీ ఆ కోశాధికారి మరుసటి ఆదివారం సంఘం ముందు లేచి, ఫలానా ఇంట్లో ఇబ్బంది ఉంది, వేరుగా కానుక పోగుచేద్దాం అని చెప్పవచ్చు. దానికి ఏ నియమమూ అడ్డు రాదు. చెప్పలేదంటే, నియమం పేరు చెప్పి ఊరుకున్నాడన్నమాట. ఊరుకోవడం తేలిక. నేనూ రెండుసార్లు అలా ఊరుకున్నాను.

మూడో వరుస:
రెండేనా?

పాత కోశాధికారి:
గుర్తున్నవి రెండు.

వచనం చూపండి:
ద్వితీయోపదేశకాండము 15 చూశాను. అది ఆజ్ఞే, ఒప్పుకుంటున్నాను. అయినా యూదా దొంగే.