ఇండియా ఫుట్‌బాల్ జట్టు మీద పిల్లల క్విజ్: హైదరాబాద్, బెంగళూరు ఆటగాళ్ళలో ఎవరిని చెప్పాలి?

హొరమావు_తెలుగు:
ఇక్కడ బెంగళూరులో ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లలకి ఇండియా ఫుట్‌బాల్ జట్టు గురించి ఒక గంట కార్యక్రమం పెడుతున్నాం. అరగంట క్విజ్, అరగంట గ్రౌండ్‌లో ఆట. 10 నుంచి 14 ఏళ్ళ వాళ్ళు. సునీల్ ఛెత్రి తప్ప ఇంకో పేరు ఎవరికీ తెలీదు. 1950 వరల్డ్ కప్‌కి మనవాళ్ళు వెళ్ళకపోవడానికి బూట్లు లేకపోవడమే కారణమా? హైదరాబాద్ నుంచి, ఇక్కడి నుంచి ఎవరెవరిని తప్పకుండా చెప్పాలి? కోచ్ రహీం పద్ధతుల్లో పిల్లలతో ఆడించగలిగేది ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

లెఫ్ట్_హాఫ్:
బూట్ల సంగతి ముందు తేల్చేద్దాం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడారు. ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకుని. ఒలింపిక్స్‌లో ఇండియా మొదటి గోల్ ఆ మ్యాచ్‌లోనే పడింది. కొట్టింది మన బెంగళూరు శారంగపాణి రామన్. క్విజ్‌లో మొదటి ప్రశ్న ఇదే పెట్టండి, ఊరి పిల్లలకి ఊరి పేరు.

1950లో బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో మనకి ఆడకుండానే చోటు దక్కింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వేతో ఒకే గ్రూపు. బ్రెజిల్ దాకా ఓడ ప్రయాణం, జట్టును ఎంపిక చేసి సాధన చేయించే వ్యవధి లేకపోవడం, వీటికి మించి ఒలింపిక్స్ ముందు వరల్డ్ కప్‌ని మన ఫుట్‌బాల్ సమాఖ్య చిన్నదిగా చూడడం, ఇవీ అసలు కారణాలు. ఉత్త కాళ్ళ కథ వినడానికి బావుంటుంది కాబట్టి అదే నిలిచిపోయింది. పిల్లలకి దాన్ని కారణంగా చెప్పకండి.

బూట్ల పాఠం నిజంగా నేర్పింది 1952 హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా మనమీద పది గోల్స్ కొట్టింది. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది, ఆయనా బెంగళూరు మనిషే. ఆ దెబ్బతోనే సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఒక్క బూట్ల వల్లే పది పడలేదు, మన ఆట అమరికే అప్పటికి పాతబడిపోయింది. అది రహీం దగ్గరికొచ్చినప్పుడు ఎవరైనా చెప్తే బావుంటుంది.

కాచిగూడ_కార్నర్:
నేను చెప్తాను. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేసింది ఆయనే. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి టోర్నమెంట్ రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా కోచ్‌గా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మళ్ళీ స్వర్ణం. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టుకి స్వర్ణం రాలేదు.

అమరిక గ్రౌండ్‌లో చూపించండి, మాటలతో పిల్లలకి ఎక్కదు. పాతది 2-3-5, అంటే వెనక ఇద్దరే డిఫెండర్లు. ఇద్దరు పిల్లల్ని డిఫెండర్లుగా, ముగ్గుర్ని ఫార్వర్డ్‌లుగా నిలబెట్టండి: మధ్యలో ఒకడు, రెండు వింగుల్లో ఇద్దరు. బంతిని కుడి వింగుకి ఇవ్వండి. ఒక డిఫెండర్ అటు పోతాడు, రెండోవాడు మధ్యకి జరుగుతాడు, ఎడమ వింగు వాడు ఒంటరిగా మిగులుతాడు. అదే గోల్. 1925లో ఆఫ్‌సైడ్ రూల్ సడలించాక యూరప్ వాళ్ళు ఈ కంత పూడ్చడానికి మూడో డిఫెండర్‌ని పెట్టుకున్నారు. ఇప్పుడు మీరూ మూడోవాణ్ణి పెట్టి అదే బంతి మళ్ళీ వేయించండి, తేడా పిల్లలే చెప్తారు.

రహీం అక్కడితో ఆగలేదు. మెల్‌బోర్న్ నాటికి ఆయన ఆలోచన 4-2-4 వైపు సాగింది, అంటే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. బ్రెజిల్ దాంతో వరల్డ్ కప్ గెలిచింది 1958లో, ఆయన అంతకు రెండేళ్ళు ముందే. దీనికి మధ్యలో అలుపెరగని ఇద్దరు కావాలి. ఆ పని చేసింది హైదరాబాద్ నూర్ మహ్మద్, బెంగళూరు కెంపయ్య. మీ క్విజ్‌కి ఇంతకన్నా మంచి జోడీ దొరకదు.

ఇక ఆడించడానికి. ఎడమకాలి టోర్నమెంట్లు, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు ఆయన హైదరాబాద్‌లో నిజంగానే పెట్టేవారు. ఆరుగురు ఆరుగురు, 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చాలు. అంతకన్నా పెద్దదైతే పిల్లలు పాస్ మానేసి దూరంగా తన్నేస్తారు. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి సైజు 4 బంతి ఇవ్వండి. పెద్దవాళ్ళ సైజు 5 బంతి 410 నుంచి 450 గ్రాములుంటుంది, బలం లేని కాలితో తన్నాలంటే చిన్నవాళ్ళకి అది బరువే. కుడికాలి వాటం వాడు కుడికాలు వాడితే ఎదుటివాళ్ళకి ఫ్రీ కిక్. గోల్ కొట్టేటప్పుడు మాత్రం ఏ కాలైనా అన్నారో ఆట చెడిపోతుంది, అందరూ బంతిని మంచి కాలి మీదికి తెచ్చుకోవడానికే చూస్తారు. మొదటి ఐదు నిమిషాలు అసలు గోల్ పోస్టులే వద్దు, వరుసగా ఐదు పాసులు పడితే ఒక పాయింట్ ఇవ్వండి. తర్వాత రెండు టచ్‌ల రూల్ పెట్టండి, అంటే ఒకడు బంతిని వరుసగా రెండుసార్లకి మించి తాకకూడదు.

అశోక్‌నగర్_గ్యాలరీ:
పేర్ల దగ్గరికొద్దాం. హైదరాబాద్ వైపు నుంచి తులసీదాస్ బలరాం తప్పనిసరి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురినీ కలిపి చెప్పుకుంటారు గానీ మన పిల్లల నోట మూడో పేరు రాదు, అది నాకు చాలా బాధ. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టి, మద్రాస్ రెజిమెంట్‌లో చేరి అక్కడ కీపర్ అయ్యారు. అంతకుముందు సెంటర్ ఫార్వర్డ్. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్ నయీముద్దీన్, అందులోనే హబీబ్. ఇద్దరూ హైదరాబాదీలే. తర్వాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్.

బెంగళూరు నుంచి పైన చెప్పినవాళ్ళతో పాటు ధనరాజ్, అరుమైనాయగం, దగ్గరి కాలంలో కార్ల్‌టన్ చాప్‌మన్. హలసూరు పక్క గౌతంపురలో పీలే విగ్రహం ఉంది, పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళి చూపించండి. ఆ వీధుల్లో ఫుట్‌బాల్ ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది.

జకార్తా ఫైనల్‌కి మాత్రం రెండు ప్రశ్నలు కేటాయించండి. గ్రూపులో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది, ఫైనల్లో అదే జట్టును మనం 2-1తో కొట్టాం. జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి, వెనక ఉంచితే గాలి బంతులకి తల పెట్టక తప్పదు. రహీం ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. సెమీస్‌లోనూ గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. ఫైనల్లో మొదటి గోల్ పీకేది.

హొరమావు_తెలుగు:
చాలా థాంక్స్ అండి. ఛెత్రిని హైదరాబాద్ లెక్కలో వేయొచ్చా? క్విజ్‌లో మామూలుగా ఎక్కడ తప్పులు దొర్లుతాయి?

లెఫ్ట్_హాఫ్:
పుట్టింది సికింద్రాబాద్‌లోనే, కానీ ఆట నేర్చుకుంది అక్కడ కాదు. "ఎక్కడ పుట్టారు" అని అడగొచ్చు, "హైదరాబాద్ ఫుట్‌బాల్ నుంచి వచ్చిన ఆటగాడు" అనకండి. 2013 నుంచి బెంగళూరు ఎఫ్‌సీ కాబట్టి మీ పిల్లలకి ఎలాగూ సొంతమనిషే. గోల్స్ సంఖ్య అడిగితే తేదీ చెప్పి అడగండి: 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పేనాటికి 94, మరుసటి మార్చిలో తిరిగొచ్చి మాల్దీవుల మీద ఇంకోటి కొట్టాడు.

తప్పులంటారా, 1956లో మనకి కాంస్యం వచ్చిందని రాస్తుంటారు. రాలేదు, బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగోస్థానంలో ఆగాం. ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్ నెవిల్ డిసౌజాది, పీకేది కాదు. 1962ని మొదటి స్వర్ణం అనేవాళ్ళూ ఉన్నారు, మొదటిది 1951లోనే. ఇంకోటి, 2002 నుంచి ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ 23 ఏళ్ళలోపు వాళ్ళది, పైవయసు వాళ్ళు ముగ్గురికి మించరు. కాబట్టి ఆ ఫలితాలను పాత సీనియర్ జట్టు ఫలితాల పక్కన పెట్టి పోల్చే ప్రశ్న వేయకండి.

అశోక్‌నగర్_గ్యాలరీ:
ఆఖరి ప్రశ్న మన బెంగళూరు కంఠీరవ స్టేడియం నుంచి వేయండి. 2023 జులై 4న సాఫ్ (దక్షిణాసియా దేశాల ఛాంపియన్‌షిప్) ఫైనల్లో కువైట్‌తో 1-1, షూటౌట్‌లో 5-4. చివరి కిక్ ఆపింది గుర్‌ప్రీత్ సింగ్ సంధు. పెద్ద పిల్లల్లో ఆ రోజు స్టాండ్స్‌లో ఉన్నవాళ్ళు ఒకరిద్దరు ఉండొచ్చు, జవాబు వాళ్ళతోనే చెప్పించండి.