మా ఊరి పవర్ ప్లాంట్ ఏడాదికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతోందో ఎక్కడ చూడాలి?

ప్రశ్న (గోదావరిఖని నుంచి)
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం రామగుండం ఎన్టీపీసీ ప్లాంటు ఏడాదికి ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో కావాలి. కంపెనీ వార్షిక నివేదికలో దేశం మొత్తానికి కలిపి ఒకే అంకె ఉంది. ఒక్క రామగుండానిదే ఎక్కడ దొరుకుతుంది? వచ్చే వారం రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు
ప్లాంట్ గేటు దగ్గర డిస్‌ప్లే బోర్డు ఉంటుంది కదా తమ్ముడూ, చిమ్నీ రీడింగులు అందులో వస్తాయి. ఫొటో తీసుకో.

జవాబు (ఎనర్జీ ఆడిట్ పనిలో ఉన్న సభ్యురాలు)
ఆ బోర్డు మీ పనికి రాదు. ఆన్‌లైన్ మానిటరింగ్‌లో చూపించేది ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు. ఊపిరితిత్తులకు సంబంధించి అవి ముఖ్యమే, కానీ కార్బన్ డయాక్సైడ్ లెక్క అందులో ఉండదు.

కరెంటు ప్లాంట్లకైతే నేరుగా దొరికే చోటు ఒకటుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) వెబ్‌సైట్‌లో 'సీఓటూ బేస్‌లైన్ డేటాబేస్' అని ఉంటుంది. యూజర్ గైడ్ పీడీఎఫ్‌తో పాటు ఎక్సెల్ ఫైలు కూడా ఇస్తారు. చాలామంది పీడీఎఫ్ మాత్రమే చూసి, గ్రిడ్ సగటు (దేశంలోని స్టేషన్లన్నీ కలిపిన సగటు) రాసుకుని వచ్చేస్తారు. అసలు సరుకు ఎక్సెల్‌లో ఉంది. స్టేషన్ల వారీగా, యూనిట్ల వారీగా ఏ ఏడాది ఎంత నికర ఉత్పత్తి, ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ అన్నది వరుసగా ఉంటుంది.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ఊళ్ల పేర్ల స్పెల్లింగ్ మనం రాసేలా ఉండకపోవచ్చు, కాబట్టి పేరులో సగమే టైప్ చేయండి. రామగుండంలో ఒకటి కాదు, వేర్వేరు స్టేషన్లున్నాయి. ఎన్టీపీసీ పాత స్టేషన్ 2600 మెగావాట్లు (200వి మూడు, 500వి నాలుగు). పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండున్న తెలంగాణ సూపర్ థర్మల్ స్టేషన్ వేరు. రాష్ట్ర జెన్‌కో (ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ) నడిపిన 62.5 మెగావాట్ల పాత యూనిట్ ఇంకోటి, అది ఇప్పుడు మూతపడింది. మీ ప్రాజెక్టు దేని గురించో ముందే తేల్చుకోండి.

వచ్చిన అంకె సరిగ్గా ఉందో లేదో చేత్తో ఓసారి వేసి చూడండి. 500 మెగావాట్ల యూనిట్ 75 శాతం పీఎల్‌ఎఫ్‌తో (పూర్తి సామర్థ్యంలో 75 శాతం ఉత్పత్తితో) ఏడాదంతా, అంటే 8760 గంటలు నడిస్తే 500 × 8760 × 0.75, అంటే 32.85 లక్షల మెగావాట్ అవర్లు. యూనిట్ కరెంటుకు సుమారు 0.68 కిలోల బొగ్గు (మెగావాట్ అవర్‌కు 0.68 టన్నులు) అనుకుంటే 22 లక్షల టన్నుల పైచిలుకు బొగ్గు. అందులో కార్బన్ 38 శాతం ఉందనుకోండి, దాన్ని 44/12తో గుణించండి. దాదాపు 31 లక్షల టన్నులు వస్తుంది. మీ ఎక్సెల్ అంకె దీనికి దగ్గర్లో లేకపోతే వరుస తప్పు చూస్తున్నారనో, ఆ ఏడాది యూనిట్ చాలాకాలం ఆగిందనో అర్థం.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్స్ మేడమ్. ఫైలు దొరికింది. ఒక సందేహం, 22 లక్షల టన్నుల బొగ్గు కాలిస్తే 31 లక్షల టన్నుల వాయువు ఎలా వస్తుంది? మా ఫ్రెండ్స్ కూడా లెక్క తప్పేమో అంటున్నారు.

జవాబు (అదే సభ్యురాలు)
తప్పు లేదు. 12 కిలోల కార్బన్ కాలేటప్పుడు గాలిలోంచి 32 కిలోల ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, మొత్తం 44. పెరిగిన బరువంతా గాలిలోంచి వచ్చిందే. రివ్యూలో ఇది కచ్చితంగా అడుగుతారు.

ఇంకో చోట కూడా పొరపాటు జరుగుతుంది. సీఈఏ నెలవారీ ఉత్పత్తి నివేదికల్లో ఉండేది స్థూల ఉత్పత్తి. బేస్‌లైన్ ఫైలులో ఉన్నది ప్లాంటు సొంత వాడకం తీసేశాక మిగిలిన నికర ఉత్పత్తి. బేస్‌లైన్ ఫైలులోని కార్బన్ డయాక్సైడ్‌ను ఆ స్థూల ఉత్పత్తితో భాగిస్తే 'యూనిట్‌కు ఇన్ని కిలోలు' అనే అంకె తక్కువగా వచ్చి, ప్లాంటు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది.

ప్రశ్న (జగ్గయ్యపేట నుంచి)
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా చుట్టూ అన్నీ సిమెంట్ ఫ్యాక్టరీలే. వాటి లెక్క ఆ ఫైలులో ఉంటుందా?

జవాబు (అదే సభ్యురాలు)
ఉండదండీ. అది గ్రిడ్‌కు కరెంటిచ్చే స్టేషన్లకే. ఫ్యాక్టరీలు సొంతానికి నడుపుకునే క్యాప్టివ్ ప్లాంట్లు కూడా అందులో ఉండవు.

సిమెంటుకు రెండు దారులున్నాయి. షేర్ మార్కెట్‌లో లిస్టైన వాటిలో మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) ఇవ్వాలని సెబీ నిబంధన. అందులో పర్యావరణానికి సంబంధించిన ఆరో సూత్రం కింద స్కోప్ 1 (కంపెనీ నేరుగా వదిలేది), స్కోప్ 2 (కొన్న కరెంటు వల్ల వచ్చేది) ఉంటాయి. కానీ అవి కంపెనీ మొత్తానివి. జగ్గయ్యపేటది వేరు, తాడిపత్రిది వేరు అని విడదీసి చెప్పాల్సిన పని లేదు. లిస్టు కాని కంపెనీకి ఈ నిబంధనే లేదు. మన సింగరేణి, రెండు రాష్ట్రాల జెన్‌కోలు అందుకే ఇందులో కనిపించవు.

రెండోది చాలామందికి తెలియదు. కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం కింద 2025 అక్టోబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఉద్గార తీవ్రత (టన్ను సరుకు తయారీకి వదిలే వాయువు) లక్ష్యాల నిబంధనలు నోటిఫై చేసింది. సిమెంట్, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాల్లో 282 యూనిట్లు ఉన్నాయి, అందులో సిమెంటువే 186. ఆ గెజిట్ పట్టికలో ఒక్కో ప్లాంటు పేరు, 2023-24 ఉత్పత్తి, టన్నుకు ఎంత ఉద్గారం అన్నవి పక్కపక్కనే ఉన్నాయి. రెండూ గుణిస్తే మీ ఫ్యాక్టరీ ఏడాది మొత్తం వస్తుంది. అందులో కొన్న కరెంటు వాటా కూడా కలిసి ఉంటుంది కాబట్టి స్కోప్ 1 అంకెతో పోల్చకండి.

సిమెంటు ఉద్గారాల్లో బొగ్గుది సగం కథే. సిమెంటు ముడిసరుకైన సున్నపురాయి 100 కిలోలు కాలితే 56 కిలోల సున్నం మిగిలి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. బొగ్గు బదులు ఏది కాల్చినా ఆ 44 తగ్గదు.

జవాబు (హ్యూస్టన్ నుంచి)
ఇక్కడి పద్ధతి కూడా చెబుతాను. అమెరికాలో 25,000 టన్నులు దాటే ప్రతి ప్లాంటూ ఏటా పర్యావరణ సంస్థ ఈపీఏకి లెక్క ఇవ్వాలన్న నిబంధన 2010 ఉద్గారాలతో మొదలైంది. దాదాపు 8,000 ప్లాంట్లు. 'ఫ్లైట్' అనే సైట్‌లో మ్యాప్ మీద నొక్కితే మా దగ్గరి రిఫైనరీ పేరు, టన్నులు, ఏ వాయువు ఎంత, అన్నీ వస్తాయి. కంపెనీ మొత్తంతో సర్దుకోవాల్సిన అవసరం ఉండదు. అయితే 2025 సెప్టెంబర్‌లో చాలా రంగాలకు ఈ రిపోర్టింగ్‌ను ఎత్తేయాలని ఈపీఏనే ప్రతిపాదించింది. పక్కనే ఉండేవాళ్లకు తెలియాల్సిన లెక్క ఇది. మూసేస్తారేమోనన్న బాధతో పాత ఏళ్ల డేటా డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాం.

ప్రశ్న అడిగినవారు
మా గైడ్ గారు బొగ్గు వాడకం కూడా అధికారికంగా ఉండాలన్నారు. 0.68 అని అనుకుంటే ఒప్పుకోరట. ఎవరిని అడగాలి?

జవాబు (అదే సభ్యురాలు)
గైడ్ గారు అడిగింది న్యాయమే. ప్రతి పరిశ్రమా ఏటా సెప్టెంబర్ 30లోగా ఫారం-5లో పర్యావరణ ప్రకటనను కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. అందులో ముడి సరుకుల వాడకం ఉంటుంది. ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో పర్యావరణ అనుమతుల పేజీ చూడండి, ఆరు నెలల కంప్లయన్స్ రిపోర్టులతో (అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో చెప్పేవి) పాటు ఇదీ పెడుతుంటారు. లేకపోతే ఆర్టీఐ వేయండి. ఎన్టీపీసీ ప్రభుత్వరంగ సంస్థ కాబట్టి నేరుగా దానికే వేయొచ్చు. ప్రైవేటు ఫ్యాక్టరీ అయితే మండలికి వేయాలి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు.

'ఉద్గారాల వివరాలు ఇవ్వగలరు' అని రాస్తే 'మా వద్ద లేవు' అని ఒక్క లైనులో తిప్పి పంపేస్తారు. '2023-24 సంవత్సరానికి ఫలానా స్టేషన్ సమర్పించిన ఫారం-5 ప్రతి' అని కాగితం పేరుతోనే అడగండి. వచ్చే వారం రివ్యూకి అది ఎలాగూ అందదు. సీఈఏ అంకెతో చూపించి, ఆర్టీఐ దరఖాస్తు నకలు జతచేయండి.