డాక్టర్ హూ మిమ్మల్ని ఎక్కడ కట్టిపడేసింది?

నీలిపెట్టె
బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ గురించి మనవాళ్ళు రాసింది వెతికితే కథ ఏమిటో చెప్పేవే దొరుకుతున్నాయి. ఎందుకు ఇష్టమో ఎవరూ చెప్పడం లేదు. అది మాట్లాడుకుందామనే ఈ చర్చ మొదలుపెట్టాను.

నా మట్టుకు కారణం ఒక్కటే. హీరో వెళ్ళిపోతాడంటే ఈ సీరియల్ భయపడదు. 1966 నాటికి మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఇంకెవరైనా అయితే అక్కడితో ముగించేసేవాళ్ళు, లేదంటే అదే వేషం ఇంకొకరికి వేసి ఏమీ జరగనట్టు నడిపించేసేవాళ్ళు. వీళ్ళు 'ది టెన్త్ ప్లానెట్' కథ ఆఖర్లో ఆయన్ని టార్డిస్ (డాక్టర్ కాలంలో, అంతరిక్షంలో తిరిగే నీలి పెట్టె) నేల మీద పడుకోబెట్టి, మనం చూస్తుండగానే ఆ ముఖాన్ని పాట్రిక్ ట్రౌటన్ ముఖంగా మార్చేశారు. ట్రౌటన్ వచ్చి హార్ట్‌నెల్‌ని అనుకరించనూ లేదు. ఆయన చిరాకు పడే తాతగారు, ఈయన రికార్డర్ అనే పిల్లనగ్రోవి ఊదుకుంటూ అమాయకుడిలా తిరుగుతూ ఎదుటివాడి ఎత్తు ముందే పసిగట్టేసే మనిషి. నడక వేరు, మాట వేరు, అయినా డాక్టరే. ఒక నటుడి అనారోగ్యం తెచ్చిన ఇబ్బందికి కనిపెట్టిన ఉపాయం కథకి ప్రాణమై కూర్చుంది. 1963లో మొదలైనది ఇంకా బతికి ఉందంటే అందుకే అని నా నమ్మకం.

సవిత_పి
డాక్టర్ మారడం సరే. నాకు మాత్రం ఆయన వెంట వెళ్ళి, తిరిగి మామూలు జీవితంలో పడ్డవాళ్ళే ముఖ్యం.

సారా జేన్ స్మిత్ 1976లో టార్డిస్ దిగిపోయింది. ఆ పాత్ర వేసిన ఎలిజబెత్ స్లేడెన్‌ని 2006లో 'స్కూల్ రీయూనియన్' ఎపిసోడ్ కోసం మళ్ళీ పిలిచారు. రాత్రివేళ ఆ స్కూల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఆమె ఒక్కతే లోపలికి వెళ్తుంది. ఓ తలుపు తీస్తే ఎదురుగా నీలి పెట్టె. అరవదు, ముట్టుకోదు, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తుంది. తిరిగి చూస్తే డాక్టర్ నిలబడి ఉంటాడు, తనకు తెలియని ముఖంతో. ఆమె మాత్రం ముప్పై ఏళ్ళు పెద్దదైంది. ఎందుకు రాలేదని ఆ తర్వాత నిలదీస్తుంది చూడండి, ఆ ప్రశ్న రాయాలంటే నిజంగా ముప్పై ఏళ్ళు గడవాలి. మేకప్పుతో తెప్పించగలిగింది కాదది. చిన్నప్పుడు ఆమెని చూసినవాళ్ళు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సీన్ చూసి ఉంటారు. 2011లో స్లేడెన్ చనిపోయాక నేను ఆ ఎపిసోడ్‌ని మామూలుగా చూడలేకపోతున్నాను.

కొత్తగా_చూస్తున్నా
మీరంతా చెప్తుంటే ఆశగా ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదండి. 1963 నుంచి చూడాలా?

సవిత_పి
అక్కర్లేదండి. 2005లో మళ్ళీ మొదలైనప్పటి 'రోజ్' నుంచి చూడండి. ముందు రుచి చూద్దామనుకుంటే 2007లో వచ్చిన 'బ్లింక్' ఒక్కటి చూడండి. అందులో డాక్టర్ కనిపించేది కాసేపే, అయినా సీరియల్ మొత్తం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

టేపుచుట్ట
నన్ను పట్టుకుంది శబ్దం. ఇంతవరకూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

టైటిల్ సంగీతానికి బాణీ రాసింది రాన్ గ్రేనర్. దాన్ని మనం వినే రూపంలోకి తెచ్చింది బీబీసీలో శబ్దాలు తయారుచేసే విభాగం రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో పనిచేసే డీలియా డర్బిషైర్. 1963లో సింథసైజర్లు ఎక్కడివి! ఒక తీగ మీటిన శబ్దం, ఆసిలేటర్ల (విద్యుత్తుతో స్వరం పుట్టించే పరికరాల) కూత టేపు మీద రికార్డు చేసి, వేగం మార్చి ఒక్కో స్వరం తయారుచేసి, ఆ టేపు ముక్కల్ని కోసి, కొలిచి, అతికించారు. ఆ బేస్ లైన్‌ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఏ స్వరానికి ఆ స్వరం విడిగా పుట్టిందని తెలుస్తుంది. తనతో పాటు ఆమెకీ పేరు దక్కాలని గ్రేనర్ కోరుకున్నా అప్పటి బీబీసీ పద్ధతులు ఒప్పుకోలేదు. ఆ సంగీతానికి తెర మీద ఆమె పేరు పడింది 2013లో. అప్పటికి ఆమె లేరు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

టార్డిస్ దిగేటప్పటి రొద కూడా అక్కడిదే. బ్రయాన్ హాడ్జ్‌సన్ ఓ పాత పియానో తీగల మీద తాళంచెవి పెట్టి గీకాడు.

ఇంకో సంగతి. అరవైల ఎపిసోడ్లు తొంభైకి పైగా ఇప్పటికీ దొరకలేదు. టేపులు ఖరీదు, తిరిగి వాడుకోవడానికి చెరిపేశారు, ఫిల్మ్ ప్రతులు పారేశారు. కానీ పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ ఆడియో ఉంది! ఇంట్లో టీవీ దగ్గర టేప్ రికార్డర్ పెట్టుకుని పిల్లలు, కుర్రాళ్ళు రికార్డు చేసుకున్నవి అవి. ఆ ఆడియోకే ఇప్పుడు యానిమేషన్ జోడించి విడుదల చేస్తున్నారు. నీలిపెట్టె గారు చెప్పిన 'టెన్త్ ప్లానెట్' ఆఖరి భాగం కూడా పోయినదే. ముఖం మారే ఆ కాసింత ముక్కని 'బ్లూ పీటర్' అనే పిల్లల కార్యక్రమంలో వేశారు కాబట్టి మిగిలింది.

అరవైమూడు
ఆ ముక్క అలా మిగిలిందని నాకు తెలియదు, థాంక్సండి. 2013లో నైజీరియాలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయన్న వార్త వచ్చిన రోజు పండగలా గడిచింది నాకు.

రాఘవ్_ఎం
అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నాకో అభ్యంతరం ఉంది. ఈ సీరియల్‌కి నిలకడ లేదు. ఒక వారం కళ్ళు తిప్పుకోనివ్వదు, తర్వాతి వారం కట్టేయాలనిపిస్తుంది. పాత వాటిలో ఏ గ్రహానికి వెళ్ళినా అదే రాళ్ళ క్వారీ. ఇష్టం ఉన్నా ఇవి చెప్పుకోవాలి కదా?

నీలిపెట్టె
చెప్పుకోవాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఎగుడుదిగుడు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఒక వారం చరిత్ర, ఒక వారం దెయ్యాల కథ, ఇంకో వారం హత్య ఎవరు చేశారన్నది. రచయితలు మారతారు, కాలం మారుతుంది. అన్నీ ఒకే మట్టంలో రావాలంటే ఒకే రకం కథ రాయాలి. అప్పుడు 'విన్సెంట్ అండ్ ది డాక్టర్' లాంటి ఎపిసోడ్ ఉండేది కాదు. క్వారీ సంగతంటారా, 1975 నాటి 'జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్' కూడా క్వారీలో తీసిందే. రెండు తీగలు కలిపితే డాక్టర్ బద్ధశత్రువులైన డాలెక్ జాతి మొత్తం పుట్టకముందే పోతుంది, తీగలు చేతిలో పట్టుకుని డాక్టర్ ఆగిపోతాడు. ఆ హక్కు తనకుందా అని అడుగుతాడు. అక్కడ నేను వెనకాల గోడ ఎలా ఉందో చూడలేదు.

రాఘవ్_ఎం
ఆ సీన్ విషయంలో మాత్రం మీతో వాదించను.

మిత్రవింద
1963లో వచ్చిన మొట్టమొదటి కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్ అని, లక్నోలో పుట్టినవాడని తెలిసినప్పుడు నాకు చాలా ఆనందమేసింది. నిర్మాత వెరిటీ లాంబర్ట్. మగవాళ్ళు నిండిన ఆఫీసులో ఇరవైల వయసు ఆడపిల్ల ఒకరు, భారతీయ కుర్రాడు ఒకరు కలిసి మొదలుపెట్టారు దీన్ని.

2018లో 'డీమన్స్ ఆఫ్ ది పంజాబ్' వచ్చింది, రాసింది వినయ్ పటేల్. 1947 ఆగస్టు. డాక్టర్ వెంట తిరిగే యాజ్ వాళ్ళ అమ్మమ్మ యౌవనంలో ఒక హిందువుని పెళ్ళి చేసుకుంటుంది. సరిహద్దు గీత ఊరి మధ్య నుంచి పోతోంది. రాక్షసుల్లా కనిపించే గ్రహాంతరవాసులు అసలు హంతకులు కారు, దిక్కులేకుండా చనిపోయేవాళ్ళ పక్కన నిలబడటానికి వచ్చినవాళ్ళు. చంపేది పెళ్ళికొడుకు సొంత తమ్ముడి మనుషులు. డాక్టర్‌కి ముందే తెలుసు, అయినా ఆపకూడదు, ఆపితే యాజ్ ఉండదు. వెనక్కి తిరిగి నడిచి వెళ్తున్నప్పుడు తుపాకీ శబ్దం వినిపిస్తుంది. బ్రిటిష్ వాళ్ళ కుటుంబాలు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సీరియల్‌లో విభజనని ఇలా చూపించారు. ఎంత గౌరవించినా తక్కువే.

టేపుచుట్ట
ఆ ఎపిసోడ్ చివర్లో టైటిల్ సంగీతాన్ని మన గొంతుల్లో పాడించాడు సంగీత దర్శకుడు సెగన్ అకినోలా. తప్పకుండా వినండి.

అరవైమూడు
నేను చెప్పాలనుకున్నది అభిమానుల గురించి. 1989లో ఆపేశారు. 1996లో ఒక టీవీ సినిమా తప్పిస్తే 2005 దాకా తెర మీద కొత్త కథ రాలేదనే చెప్పాలి. ఆ మధ్యకాలంలో నవలలు, ఆడియో నాటకాలు రాసి బతికించింది దాన్ని చూసి పెరిగినవాళ్ళే. వాళ్ళలో ఒకడైన రస్సెల్ టి డేవిస్ తిరిగి తెర మీదకి తెచ్చాడు. డేవిడ్ టెనెంట్ చిన్నప్పుడు ఇది చూసే నటుడవ్వాలనుకున్నాడు. పీటర్ కపాల్డీ పదిహేనేళ్ళప్పుడు రాసిన ఉత్తరం 1974లో 'రేడియో టైమ్స్' పత్రికలో అచ్చయింది, 2013లో ఆయనే డాక్టర్ అయ్యాడు. ఇంకే సీరియల్‌లో చూశాం ఇలాంటిది?

కొత్తగా_చూస్తున్నా
మళ్ళీ వచ్చానండి. 'బ్లింక్' చూశాను, రాత్రి దీపం ఆర్పలేదు. తర్వాత 'రోజ్' నుంచి మొదలుపెట్టి మొదటి సీజన్ పూర్తిచేశాను. డాక్టర్ వేషం వేసిన ఎక్లెస్టన్ ఒక్క సీజన్‌కే వెళ్ళిపోతాడని ఎవరూ చెప్పలేదేంటి? ఆయన కోసమే చూస్తున్నాను. ఈ కొత్తతనితో ముందుకెళ్ళాలా?

సవిత_పి
వెళ్ళండి. 'ది క్రిస్మస్ ఇన్వేజన్'లో టెనెంట్ చాలాసేపు మంచం మీద స్పృహ లేకుండానే ఉంటాడు. ఇతను డాక్టరేనా అని ఆయన వెంట తిరిగే రోజ్ కూడా మీలాగే అనుమానపడుతూ ఉంటుంది. అది కావాలనే అలా రాశారు, ఆయన లేచేదాకా ఓపిక పట్టండి. చూశాక ఇక్కడే రాయండి.